ఆరుద్రకు ఆరు సీసాలు

మా ఆసుపత్రికి ముప్పై ఏళ్ళు నిండాయని ట్రస్టు వాళ్ళు ఒక సంచిక వేస్తున్నారు. అందులో పంకజాక్షి గురించి రెండు పేజీలు రాసివ్వమని నన్నడిగారు. నా పేరు దేవకమ్మ. గూడూరు నుంచి వచ్చి ఇక్కడ పాతికేళ్ళు నర్సుగా పనిచేసి, పోయిన ఏడాదే ఉద్యోగం దిగాను. పంకజాక్షిని నా అంత దగ్గరగా చూసినవాళ్ళు లేరు కాబట్టి సరేనని రాసిచ్చాను. మందుల చదువు ఒకటి, వ్యాపార నిర్వహణ చదువు ఒకటి, రెండూ చదివి మా ఆసుపత్రి అడ్మినిస్ట్రేటర్ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి అని రాశాను. చదివి మురిసిపోయారు. ఒక ఫోటో కూడా ఇమ్మన్నారు.

అది వాళ్ళ కోసం రాసింది. ఇది నా కోసం. నాకు నోరెక్కువని ఆసుపత్రిలో ఊడ్చే మనిషి దగ్గర్నుంచి డాక్టర్ దాకా అందరికీ తెలుసు. అలాంటిదాన్ని ఈ ఒక్క విషయంలో ఏడేళ్ళు నోరు కుట్టుకుని కూర్చున్నాను. ఇంక నా వల్ల కాదు. ఆ రెండు పట్టాల నడుమ ఒక తల్లి ప్రాణం పోయింది. అది ఏ సంచికలోనూ అచ్చు కాదు.

చిత్తూరు నుంచి ఐరాల దాటి లోపలికి వస్తే మా ఆసుపత్రి. ముప్పై మంచాలు, ఒక డాక్టరు, ఒక జీపు. చిత్తూరుకూ మాకూ మధ్య ఒక వాగు ఉంది, వంక అంటాం. ఎండాకాలం అందులో మేకలు నడుస్తాయి, వాన పడితే బస్సు కూడా ఆగిపోతుంది. చుట్టూరా వేరుశనగ చేలు. చేలల్లో రక్తపింజరి పాములు. ఇక్కడ పుట్టినవాళ్ళు దాన్ని గురించి పెద్దగా మాట్లాడరు, కాలు మాత్రం చూసి వేస్తారు.

పాము కాటుకు మందు ఒకటే, సూదిమందు. బొంబాయి నుంచి రావాలి, చల్లగా దాచాలి. దానికోసమే మా స్టోరులో ఒక ఫ్రిజ్ ఉండేది. మొదట్లో కిరసనాయిలుతో నడిచేది, తర్వాత కరెంటుది వచ్చింది. అది ఉన్నట్టుండి వణికి, గొంతు సవరించుకుని, మళ్ళీ మోత మొదలుపెట్టేది.

ఆ స్టోరు చూసేవాడు ఏకాంబరం. ఆసుపత్రి తలుపులు తెరిచిన నాటి నుంచీ కాంపౌండర్. చదువు ఎనిమిదో తరగతి. అతని లెక్కంతా గోడకు వేలాడే పంచాంగం క్యాలెండర్‌లో ఉండేది. నెలలను బట్టి మందులు తెప్పించేవాడు కాదు, కార్తెలను బట్టి తెప్పించేవాడు. రైతు విత్తనానికి కార్తె చూస్తాడు కదా, పదమూడు పద్నాలుగు రోజులకొకటి మారేది, ఇతను మందుకు చూసేవాడు. రోహిణి ఎండలకు ముందే గ్లూకోజు, స్వాతి వానలకు ముందే దగ్గు మందు. మృగశిర వచ్చే లోపల పాము మందు నలభై సీసాలు ఫ్రిజ్‌లో ఉండాల్సిందే. మృగశిర తర్వాత వచ్చేది ఆరుద్ర, వేరుశనగ విత్తే కాలం. ఊరూరా ఆడా మగా అందరూ ఒకేసారి చేలో దిగుతారు. క్యాలెండర్‌లో ఆ గడిపై ఏకాంబరం ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి పెట్టుకునేవాడు.

కొన్నేళ్ళు నలభైకి ముప్పై పైగా ఖర్చయ్యేవి. కొన్నేళ్ళు పది కూడా అయ్యేవి కాదు, గడువు దాటిపోయేవి. దాటినవాటిని వెనకాల గుంతలో వేసి మట్టి కప్పేవాళ్ళం. ఆ పని నా చేతులతోనే చేశాను. మందు మట్టిలో పోస్తుంటే ఒళ్ళు మండేది.

పంకజాక్షి వచ్చింది డెబ్భై మూడులో. చిత్తూరులో బెల్లం మండీ తిరుమలయ్య కూతురు. మద్రాసులో మందుల చదువు చదివి పట్టా తెచ్చుకుంది. సన్నగా, పొడుగ్గా, జడలో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చుకుని తిరిగేది. బెల్లం గోదాంలో పెరిగిన పిల్ల తీపి ముట్టేది కాదు. వచ్చిన నెలకే విషపు మందుల సీసాలకు ఎర్ర కాగితాలు, పిల్లల మందులకు పచ్చ కాగితాలు అంటించింది. అక్షరం రాని ఆయా కూడా తప్పు సీసా తేకుండా అయింది. నేను పదేళ్ళుగా అరిచి చేయించలేనిది ఆ కాగితాలు చేశాయి. నాకు ఆ పిల్ల మీద మొదటిరోజే ప్రేమ పుట్టింది, దాచుకోవడం ఎందుకు.

నాలుగేళ్ళు చేశాక తిరుపతికి పోయి ఎం.బి.ఏ. చదువుతానంది. నేను నవ్వాను.

"మాత్తర్లు అమ్మేదానికి అంగడి పెడతావా ఏమి?" అన్నాను.

"కాదక్కా. రోగిని డాక్టర్ సూస్తాడు. మంచాన్ని నువ్వు సూస్తావు. ఆసుపత్రిని ఎవురు సూస్తాండారు? రిటైరైన తాసీల్దారు. ఆయనకు క్వినైనుకూ కాఫీపొడికీ తేడా తెలీదు. మందు తెలిసినోళ్ళకు నడిపేది తెలీదు, నడిపేది తెలిసినోళ్ళకు మందు తెలీదు. రెండూ తెలిసినోళ్ళు ఒకరుండాల కదా," అంది.

ఆమె చెప్పింది నిజమే.

రెండేళ్ళు తిరుపతిలో ఉండి, డెబ్భై తొమ్మిదిలో రెండో పట్టాతో తిరిగొచ్చింది. ట్రస్టు అధ్యక్షుడు ఆమెను పిలిచి కూర్చోబెట్టాడు. తాసీల్దారుగారు ఎనభై ఒకటి జూలైలో దిగిపోతారు, ఆలోపల ఒక్క ఏడాది ఒక్క మందు కూడా గుంతలో పడకుండా స్టోరు నడిపి చూపించు, ఆ కుర్చీ నీదే అన్నాడు. ఆడమనిషి కదా, ఊరికే ఇస్తారా. మగవాడికైతే కండువా చూసి ఇచ్చేవాళ్ళు, ఆమె మాత్రం పరీక్ష రాసి గెలుచుకోవాలి.

పంకజాక్షి ఐదేళ్ళ పాత మందుల చిట్టాలు ముందేసుకుని కూర్చుంది. అన్ని మందులూ సర్దుకున్నాయి. పాము మందు ఒక్కటే అడ్డం తిరిగింది. గుంతలో పడేదాంట్లో సగం అదే. సగటు తీస్తే ఏడాదికి పద్దెనిమిది సీసాలు ఖర్చవుతున్నాయి. నాలుగు నెలలకు ఆరు. ఆరు తెప్పించడం, అయిపోతుండగా మళ్ళీ ఆరు తెప్పించడం. కాగితం మీద ఎక్కడా తప్పు లేదు.

ఏకాంబరం ఎనభై డిసెంబరులో ఉద్యోగం దిగిపోతున్నాడు. ఆమె ఆ కాగితం అతనికి చూపించినప్పుడు నేను అక్కడే దూది చుడుతున్నాను. అతను కాగితం పట్టుకోలేదు కూడా.

"పాపా, పాములు నాలుగు నెల్లకు ఆరు లెక్కన కరవవు," అన్నాడు.

"సగటు మామా అది. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ."

"ఎక్కువయ్యేదంతా ఆరుద్రలోనే. మిగిలిన పదకొండు నెల్లు ఆ ఫ్రిజ్‌లో ఈగ గూడా వాలదు."

పంకజాక్షి ఓపిగ్గా నవ్వింది. "మా నాయన మండీలో సూసినాను మామా. మృగశిర వచ్చేలోపల గోదాం ఊడ్చేస్తాడు. వాన గాలి తగిలితే బెల్లం చెమరుస్తాది, దిమ్మెలు దిమ్మెలుగానే నీళ్ళయిపోతాది. చిన్నప్పుడు ఒక ఏడు అట్లే పోయింది, మా అమ్మ గాజులు అమ్మినారు. వానల ముందర సరుకు నిలవ పెట్టుకునేదంటే నాకు భయం."

"బెల్లానికి వాన గిట్టదు పాపా. పాముకు వానే కావాల. మీ నాయన గోదాం ఊడ్చే దినమే నేను ఈ ఫ్రిజ్ నింపేది," అన్నాడు ఏకాంబరం.

"సరే మామా, సూస్తాను," అంది ఆమె. చూడలేదు. ఇద్దరూ కార్తె తెలిసినవాళ్ళే. ఒకరు ఖాళీ చేయడానికి చూసేవారు, ఒకరు నింపడానికి. రెండు పట్టాలూ చదివిన మనిషికి ఆ కడపటి నిమిషంలో గుర్తొచ్చింది పట్టాల్లోది కాదు, వాళ్ళ నాయన గోదాంలో కరిగిపోయిన బెల్లం. నేను దాన్ని తప్పని ఎలా అనను. నాకైనా అమ్మ గాజులే గుర్తొచ్చేవి.

ఇక్కడే నా సంగతి ఒకటి చెప్పాలి. స్టోరు పద్ధతి మార్చాలంటే మూడు సంతకాలు కావాలి. స్టోరుది ఒకటి, డాక్టర్ జయరామ్‌ది ఒకటి, హెడ్ నర్సుది ఒకటి. హెడ్ నర్సును నేనే. ఏకాంబరం మాట విన్నాను, విని కూడా సంతకం పెట్టాను. గుంతలో మందు పోసే పని తప్పుతుందని కొంత, ఫ్రిజ్‌లో వార్డు పిల్లల టీకాలకు చోటు దొరుకుతుందని కొంత, ఆ పిల్ల ఆ కుర్చీలో కూర్చోవాలని చాలా. నా పెన్నుతోనే పెట్టాను.

డిసెంబరులో ఏకాంబరం వెళ్ళిపోయాడు. పోతూ స్టోరు ఫ్రిజ్ తలుపు ఒకసారి తెరిచి చూసి, మూసి, చెప్పులేసుకున్నాడు. వేసవి రాకముందే ఐరాలలో జ్వరమొచ్చి పోయాడని తెలిసింది. గోడకున్న క్యాలెండరూ, అటక మీది పాత క్యాలెండర్ల కట్టా పొట్లాల కాగితాల్లో కలిశాయి. అప్పట్లో మాత్తర్లు కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్ళం. ఆ ఎండాకాలమంతా మా రోగులు జ్వరం బిళ్ళల్ని ఏకాంబరం ఎర్ర సున్నాల్లో చుట్టుకుని ఇళ్ళకు తీసుకుపోయారు.

ఎనభై ఒకటి జూన్‌లో మృగశిర వచ్చింది. వాన చుక్క రాలేదు. నేను రోజూ పొద్దున ఏదో పని పెట్టుకుని స్టోరుకు పోయి ఫ్రిజ్ తెరిచేదాన్ని. ఆరు సీసాలు వరుసగా నిలబడి ఉండేవి. వాటి వెనక అర అంతా ఖాళీగా, మంచు పట్టి తెల్లగా కనిపించేది. నలభై సీసాలు ఉన్నప్పుడు ఆ తెలుపు ఎప్పుడూ కనపడలేదు.

"సూసినావా అక్కా, ఆరూ అట్లే ఉండాయి," అనేది పంకజాక్షి. గొంతులో గెలుపు ఉండేది. జూలై మొదటి వారంలో ట్రస్టు మీటింగు. పదిహేను రోజులుంది. ఆ పదిహేను రోజులూ ఎవరూ పాము కరిచి రాకపోతే చాలని నేను మొక్కుకున్నాను. రోగి కోసం మొక్కుకోవాల్సిన నర్సును, లెక్క కోసం మొక్కుకున్నాను.

ఆరుద్ర వచ్చిన రోజు సాయంత్రం పడమట నల్లగా కమ్ముకుంది. ఆపకుండా రెండు రోజులు కురిసింది. కప్పలు ఆసుపత్రి మెట్ల మీదికి వచ్చాయి. రెండో రోజు మధ్యాహ్నం పంకజాక్షి వార్డులోకొచ్చి, కిటికీలోంచి తడిసిన చేలను చూస్తూ నిలబడింది. జడలో పెన్సిల్ లేదు.

"అక్కా, ఏకాంబరం మామ ఆరుద్రకు ఎన్ని పెట్టుకుంటా ఉండె?" అంది.

"నీకు తెలీదా. నలభై."

ఆమె పోయి, ఇరవై సీసాలకు ఆర్డరు రాసి, గొడుగేసుకుని తనే పోస్టాఫీసుకు నడిచిపోయింది. బొంబాయి నుంచి మందు రావడానికి మూడు వారాలు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

మూడో రోజు తెరపిచ్చింది. ఊళ్ళకు ఊళ్ళు నాగళ్ళు కట్టాయి. పొద్దున తొమ్మిదికి ఒక ముసలాయనను మోసుకొచ్చారు. కాలి మీద గాట్లు. డాక్టర్ జయరామ్ చాలాసేపు చూసి, విషం లేని పామేనని పంపించేశాడు. పంకజాక్షి గోడకానుకుని ఊపిరి వదిలింది. నేను కాఫీ పెట్టమని ఆయాకు చెప్పాను. ఆ కాఫీ ఎవరూ తాగలేదు.

పదకొండు గంటలకు ఎద్దుల బండి వచ్చింది. తోలుతున్నది ఎల్లప్ప, నాలుగు మైళ్ళ అవతల ఊరివాడు, రెండెకరాల చేను. బండిలో అతని భార్య చెంగమ్మ, ఎనిమిదేళ్ళ కూతురు భారతి. నాగలి వెంట సాలులో విత్తనాలు వేస్తున్నారట. గట్టు దగ్గర గడ్డిలో కాలు పెట్టిన పిల్లను మొదట కరిచింది. తల్లి పరిగెత్తుకొచ్చి పిల్లను లాగేసి, చూసుకోకుండా దాని మీదే అడుగేసింది. ఒకటే పాము, ఇద్దరికీ కాటు. పిల్ల కాలు మోకాలి దాకా ఉబ్బింది. తల్లికి అప్పటికే పళ్ళ సందుల్లోంచి రక్తం వస్తోంది.

"రక్తపింజరి. ఇద్దరికీ ఎక్కింది. సీసాలెన్ని?" అన్నాడు డాక్టర్.

"ఆరు," అంది పంకజాక్షి.

కొన్ని కాట్లకు రెండు మూడు సీసాలతో సరిపోతుంది. రక్తపింజరి ఇంతగా ఎక్కితే ఆరుకు తక్కువ పనికిరాదు. పిల్ల చిన్నది కదా, తక్కువ చాలదా అని చదువుకున్నవాళ్ళు కూడా అడుగుతారు. పిల్లకు కొంచెం, పెద్దకు ఎక్కువ అని కొలిచి పాము విషం వదలదు. ఆ సంగతి పంకజాక్షికి మొదటి పట్టాలోనే నేర్పించారు.

"మూడు మూడు వేస్తే?" అంది అయినా.

"ఇద్దరూ పోతారు," అన్నాడు డాక్టర్. తర్వాత గొంతు తగ్గించి, "ఎవరికి వేయమన్నా వేస్తాను పంకజాక్షీ. ఎవరికని నన్ను మాత్రం అడగొద్దు. నేనూ సంతకం పెట్టినవాణ్ణే," అన్నాడు.

పంకజాక్షి నోరు తెరవక ముందే మంచం మీద నుంచి చెంగమ్మ మాట్లాడింది. "బిడ్డకెయ్యండి. దీనికి అడిగేదేముండాది."

వేశాం. సీసాలు ఒక్కొక్కటిగా తెరిచి ఇచ్చింది పంకజాక్షి. ఆరోది ఇచ్చాక ఆ ఖాళీ సీసాను చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. చెంగమ్మను జీపులో చిత్తూరుకు పంపుదామంటే డాక్టర్ ఒప్పుకోలేదు. నాడి అందడం లేదు, ఆ కుదుపులకు దారిలోనే పోతుంది, మందునే ఇక్కడికి తేవాలి అన్నాడు. డ్రైవర్ మునెయ్య జీపు తీసుకుని బయల్దేరాడు. మామూలు రోజైతే రెండు గంటల్లో వచ్చేస్తాడు.

రెండు గంటలు దాటాయి. వంక నిండుగా పారుతోందని దారిన పోయేవాళ్ళు చెప్పారు. జీపు ఇవతలి గట్టున వదిలేసి మునెయ్య నడుములోతు నీళ్ళలో అవతలికి పోయాడట. మూడు గంటలు దాటాయి. పిల్లకు కొంచెం తెలివి వచ్చి నీళ్ళడిగింది. పక్క మంచం మీద తల్లి మూత్రం ఎర్రగా మారింది. పంకజాక్షి ఆ మంచం వదల్లేదు. చెంగమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"జీపు వచ్చినాదా?" అని అడుగుతూనే ఉంది చెంగమ్మ. వస్తోంది, వస్తోంది అని చెప్తూనే ఉన్నాం. ఒకసారి పంకజాక్షి ఏడవడం చూసింది.

"నువ్వు ఏడస్తావెందుకమ్మా. ఆ మందు శానా కరువంట కదా. ఉండిందే నా బిడ్డ అదృష్టం," అంది.

నేను ఎన్నో చావులు చూశాను. అలాంటి మాట మాత్రం ఎక్కడా వినలేదు. కరువు కాదు తల్లీ, మేమే తెప్పించలేదు అని నా నోటి దాకా వచ్చింది. పోతున్న మనిషికి ఆ నిజం చెప్పి ఏం చేస్తాం అని మింగేశాను. అలా మింగడం ఆ రోజే మొదలు.

నాలుగు దాటాక చెంగమ్మ పోయింది. పశువులు ఇళ్ళకు తిరిగే వేళకు మునెయ్య వచ్చాడు. వంకలో నెత్తిన పెట్టుకుని దాటించిన మందుల పెట్టెను, జీపు దిగాక మళ్ళీ నెత్తికెత్తుకునే వార్డులోకి వచ్చాడు. పది సీసాలు తెచ్చాడు. పంకజాక్షి వాటిని లెక్కపెట్టి ఫ్రిజ్‌లో పెట్టింది.

ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. ఆరుద్రలో పాము కరిచి చేలో పనిచేసే మనిషి పోవడం ఈ పక్క వార్త కాదు. జూలైలో మీటింగు జరిగింది. అధ్యక్షుడు కాగితం చదివాడు. ఆ ఏడాది గడువు దాటి పారేసిన మందు ఏమీ లేదు అని చదివి, తలెత్తి, అందర్నీ చూసి నవ్వాడు. పాము మందు దగ్గర కూడా సున్నా ఉంది. ఆ సున్నా ఎలా వచ్చిందో ఆ గదిలో ముగ్గురికి తెలుసు. పంకజాక్షి లేచి నిలబడింది. చెప్పేస్తుందనుకున్నాను. ధన్యవాదాలని చెప్పి కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

బయటికొచ్చాక ఆమె మీద విరుచుకుపడ్డాను. "ఎట్లా ఒప్పుకున్నావే ఆ కుర్చీని? నీకు మనసనేది ఉండాదా?" అన్నాను.

"నేను వద్దంటే ఇంకొక తాసీల్దారు వస్తాడక్కా. ఇప్పుడు ఆ కాగితం వాళ్ళ దగ్గరుండాది. ఆరుతో జరిగింది కదా అని వాడు మూడు పెడతాడు," అంది.

కుర్చీలో కూర్చున్న మొదటి రోజు ఆమె చేసిన పని, స్టోరులోని ఫ్రిజ్‌ను తన గదిలోకి మార్పించడం. గోడ మీద రెండు పట్టాలు అద్దాల్లో, వాటి కింద ఆ ఫ్రిజ్ మోత పెడుతూ. వచ్చినవాళ్ళు ఇదేం గదమ్మా అనేవాళ్ళు. మృగశిరకు ముందు నలభై సీసాలు ఆమే సర్దేది. మిగిలినవాటిని ఏడాది చివర ఆమే గుంతలో పోసేది. ట్రస్టు వాళ్ళు ఎందుకీ దండగ అని అడిగితే, ఇది దండగ కాదు, కాపలా ఖర్చు అని చెప్పి ఒప్పించింది. రెండో పట్టా అక్కడ పనికొచ్చింది. మా ఆసుపత్రి ఇప్పుడు అరవై మంచాలదంటే ఆమె చలవే. సంచికలో అవన్నీ రాశాను.

ఆ ఏడాది పంట చేతికి రాగానే ఎల్లప్ప ఒక గోనెసంచి పచ్చి వేరుశనగ మోసుకొచ్చాడు. పంకజాక్షి బల్ల ముందు దించి చేతులు జోడించాడు. "మీరు లేకుంటే నాకు బిడ్డ గూడా దక్కేది కాదమ్మా," అన్నాడు. ఆమె ఆ సంచి తీసుకుంది. తిరస్కరిస్తే ఎందుకో చెప్పాలి కదా. మరుసటి ఏడాదీ తెచ్చాడు. ఉడకబెట్టి వార్డులో పంచేవాళ్ళం. ఆమె ఒక్క గింజ ముట్టలేదు, నేనూ ముట్టలేదు. పంట చేతికొచ్చే రోజులు దగ్గరపడితే చాలు, ఆమెకు నిద్ర పట్టేది కాదు. గోనెసంచి చప్పుడు వరండాలో వినపడితే పెన్ను కింద పెట్టేసేది.

మూడో ఏడాది సంచి దించి చేతులు జోడిస్తుంటే, "ఎల్లప్పా, కూర్చో," అంది. అతను నేల మీద కూర్చోబోయాడు. కుర్చీ చూపించింది. నాకు అర్థమై తలుపు దగ్గరగా వేశాను.

ఏదీ దాచకుండా చెప్పింది. ఏకాంబరం ఎన్ని పెట్టేవాడో, తను ఎన్ని పెట్టిందో, ఎందుకు పెట్టిందో. కుర్చీ సంగతి కూడా చెప్పింది. "మీ ఆడమనిషికి మందు లేకపోయింది కరువు వల్ల కాదు. నా వల్ల," అంది.

ఫ్రిజ్ ఒకసారి వణికి మోత ఆపేసింది. ఎల్లప్ప అరుస్తాడనుకున్నాను. కొడతాడనుకున్నాను, కొడితే అడ్డం పోకూడదని కూడా అనుకున్నాను.

"ఇప్పుడెన్ని ఉండాయి?" అన్నాడు.

ఆమె లేచి ఫ్రిజ్ తలుపు తీసింది. అతను ముందుకొచ్చి, ఒక్కొక్క సీసా నెత్తిన వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఆ ఏడాది ఖర్చయినవి పోను ఇరవై మూడు ఉన్నాయి. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. "వానలకు ముందర నలభై ఉంటాయా?" అన్నాడు. ఉంటాయంది. అతను సంచిలోని కాయలు నేల మీద కుమ్మరించలేదు, తిట్టలేదు. సంచి మూతి మళ్ళీ కట్టుకుని, భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. పోయేటప్పుడు చేతులు జోడించలేదు.

మళ్ళీ రాడనుకున్నాం. మరుసటి జూన్‌లో, మృగశిరకు ముందు రోజు పొద్దున్నే ఆమె గది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో ఏమీ లేదు. "తీయండి," అన్నాడు. ఆమె తలుపు తీసింది. నలభై లెక్కపెట్టుకుని పోయాడు. అప్పటి నుంచి ఏటా అంతే. కూర్చోమంటే కూర్చోడు, కాఫీ ఇస్తే తాగడు. ట్రస్టు అధ్యక్షుడు ఎదుట కూర్చుని ఉన్నా సరే, ఎల్లప్ప వస్తే ఆమె మాట ఆపి లేచి ఫ్రిజ్ తెరుస్తుంది. ఎవరు ఇతను అని ఆయన ఒకసారి అడిగాడు. "తనిఖీకి వచ్చినాడు," అంది ఆమె.

ఈ ఏడాది నేను ఉద్యోగంలో లేకపోయినా ఆ రోజుకు పోయాను. పోకుండా ఉండలేను. పంకజాక్షి ముందు రోజే సీసాలన్నీ తుడిచి సర్దింది. నలభై ఏళ్ళు కూడా రాలేదు, జుట్టు సగం నెరిసిపోయింది. ఇద్దరం తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం.

ఎల్లప్ప రాలేదు. ఒక పిల్ల వచ్చింది. పదిహేనేళ్ళుంటాయి, లంగా ఓణీ, కొద్దిగా కుంటి నడక. ఆ కాలి మీద కాటు పడ్డచోట చర్మం ఇప్పటికీ నల్లగా ముడుచుకుని ఉంది.

"నాయనకు కండ్లు సరిగా కనపడ్డం లేదు. నన్ను లెక్కపెట్టుకోని రమ్మన్నాడు," అంది భారతి.

పంకజాక్షి ఫ్రిజ్ తలుపు తీసి పక్కకు తప్పుకుంది. ఆ పిల్ల వాళ్ళ నాయన లాగే సీసా సీసాకూ వేలు పెట్టి లెక్కపెట్టింది. నలభై. లెక్క అయ్యాక వెనక్కి తిరగకుండానే అడిగింది.

"మాయమ్మకు ఎన్ని కావాల్సుండె?"

"ఆరు," అన్నాను నేను. నా సంతకం సంగతి కూడా అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను, రాసినాక ఈ కాగితాలు తీసుకుపోయి ఆ పిల్ల చేతికే ఇస్తాను.

భారతి వరుసలోంచి ఆరు సీసాలు ఒక్కొక్కటిగా తీసి, అర మీద పక్కగా పెట్టింది. తర్వాత ఆ ఆరింటినీ మళ్ళీ వాటి చోట్లలో పెట్టేసి, తలుపు మూసి, గట్టిగా పడిందో లేదో ఒకసారి నొక్కి చూసింది.

"వచ్చే ఏడు గూడా నేనే వస్తాను," అని చెప్పి వెళ్ళిపోయింది.